నేను ఊడదీసిన వైరు

ఆగిపోయిన యంత్రాన్ని చూడడానికి ఒక వరస ఉంటుంది. ముందు కరెంటు వస్తోందో లేదో చూడాలి. తరువాత వైరు, తరువాత స్విచ్చు. అవన్నీ బాగుంటేనే మూత విప్పి లోపలికి పోవాలి. గోదావరిఖని దగ్గర ఒక బొగ్గుబాయిలో ఎలక్ట్రీషియన్‌గా ఇరవై రెండేళ్లుగా నేను చేస్తున్న పని ఇదే. మా ఇంట్లో నా భార్య కంప్యూటర్ ఆన్ కానప్పుడు కూడా ఆ వరస తప్పలేదు. ప్లగ్గులో టెస్టరు పెట్టాను. కేబుల్ మార్చాను. మూత విప్పాను. అయితే అది ఎందుకు ఆన్ కావడం లేదో నాకు ముందే తెలుసు. దాన్ని ఆపింది నేనే.

నా భార్య ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతుంది. క్వార్టరు ముందుగదిలో కిటికీ పక్కన ఆమె కంప్యూటర్ ఉంటుంది. మొదట్లో బడి ప్రశ్నపత్రాలకు వాడేది. ఆ తరువాత దాని మీద ఒకే పని పెట్టుకుంది. వాళ్ల నాన్న నోట్‌బుక్కులు టైపు చేయడం.

మామది రామకృష్ణాపూర్. బాయిలో షాట్‌ఫైరర్‌గా రిటైరయ్యాడు. బొగ్గుకు వేసిన బెజ్జాల్లో మందు కూరి పేల్చే పని అది. కుర్రతనంలో ఎప్పుడో బొగ్గు మోసే టబ్బుల మధ్య చెయ్యి పడి కుడిచేతి వేళ్లు రెండు పోయాయి. రిటైరయ్యాక మిగిలిన మూడు వేళ్లతో రాయడం మొదలుపెట్టాడు. తనతో కలిసి పని చేసిన మనుషుల గురించి, మనిషికొక పేజీ. వాళ్లు ఎలా పోయారన్నది కాదు, ఎలా ఉండేవాళ్లన్నది. బాయిలో ఎలుకలకు రోజూ తన రొట్టెలో ముక్క పెట్టినవాడు. పెళ్లాం మీద కోపమొస్తే టోపీ బోర్లించి పెట్టుకునేవాడు. అట్లాంటివి. మూడు పొడుగు నోట్‌బుక్కులు నిండాయి.

ఆ రాత ఆయన తప్ప ఎవరూ చదవలేరు. నా భార్య సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చుని, ఫోను స్పీకర్‌లో పెట్టి, లైను చదివి వినిపించి, అర్థం కాని మాటలు అడుగుతూ టైపు చేసేది.

"బాపూ, ఇది మూటనా, ముక్కనా?"

"మూటా కాదు, ముక్కా కాదు. మొక్క. కండ్లు పెట్టి చూడు బిడ్డా. గింత సక్కగ రాస్తే!"

"సక్కగనా? కోడి గీకినా ఇంతకన్నా తెలుస్తది."

"ఆ కోడినే టీచరమ్మను చేసుడు నాదే తప్పు."

ఇద్దరూ నవ్వేవాళ్లు. నేను లోపలి గదిలో పడుకుని ఆ నవ్వు వినేవాణ్ని.

ఆ చలికాలంలో ఒక పొద్దున మామ మూతి వంకర పోయింది. గంటలో మళ్లీ సర్దుకుంది. డాక్టరు మాత్రం ఇది హెచ్చరిక అన్నాడు. ఇంకోసారి వస్తే మాట పోవచ్చు, మనిషే పోవచ్చు అని నా ఎదుటే చెప్పాడు. ఆ రోజు నుంచి నా భార్యకు తొందర ఎక్కువైంది. ఆయన నోరు ఉన్నన్నాళ్లే ఆ నోట్‌బుక్కులకు చదువు ఉంటుందని ఆమెకు తెలుసు. నాకూ తెలుసు.

నేనప్పుడు పైపనికి మార్చమని దరఖాస్తు పెట్టుకోవాలనుకుంటున్నాను. మోకాళ్లు బాయి దిగనివ్వడం లేదు. ఒక బుధవారం పొద్దున, ఆమె బడికి పోయేముందు ఇంకో నాలుగు లైన్లు కొడుతుంటే, నా దరఖాస్తు టైపు చేయమన్నాను.

"రేపు చేస్త."

"ఒక్క పేజీయే గద."

"నీ పేజీ రేపైనా ఉంటది. బాపు రేపు ఎట్లుంటడో ఎవరికెరుక?"

ఆమె తెర మీదినుంచి కళ్లు తీయకుండానే అంది. అందులో తప్పేం లేదు. ఇప్పుడు ఎన్నిసార్లు తిప్పి చూసుకున్నా తప్పు కనబడదు. ఆ రోజు మాత్రం డ్యూటీలో ఉన్నంతసేపూ ఆ మాటే తలుచుకున్నాను.

బాయిలో మాకొక పద్ధతి ఉంది. మిషన్ మీద చెయ్యి పెట్టే ముందు దాని కరెంటు తీసి, ఫ్యూజు జేబులో వేసుకోవాలి. తీసినవాడే మళ్లీ పెట్టాలి. ఎంత పెద్ద ఆఫీసరు వచ్చి అడిగినా ఇంకొకడు పెట్టకూడదు. లోపల చెయ్యి పెట్టినవాడి ప్రాణం కోసం ఉన్న పద్ధతి అది. గురువారం పొద్దున ఆమె బడికి పోయాక నేను ఆ పద్ధతే మా ఇంట్లో వాడాను. ఎవరి ప్రాణం కోసమూ కాదు.

తాగి ఉన్నానని చెప్పుకోవడానికి కూడా లేదు. టీ తాగి ఉన్నాను. స్క్రూడ్రైవర్‌తో పక్కమూత తీశాను. ముందున్న బటన్ నుంచి లోపలి బోర్డుకు పోయే సన్నటి వైరు ఒకటి ఉంటుంది. రెండు పిన్నుల మీద కూర్చుంటుంది. దాన్ని గోటితో లాగాను. వచ్చేసింది. చూసేవాళ్లకు అందకుండా మిగతా వైర్ల కట్టలోకి తోసి మూత బిగించాను. తరువాత స్నానం చేసి, అన్నం తిని, రెండో షిఫ్టు డ్యూటీకి పోయాను. ఒక్క రోజుకే అనుకున్నాను. మరునాడు పెట్టేద్దామనుకున్నాను.

మరునాడు పొద్దున టీ ఇస్తూ ఆమె అంది:

"కంప్యూటర్ ఆన్ అయితలేదు. జర చూడరాదు. నీకైతే తెలుస్తది."

నీకైతే తెలుస్తది. ఆమె ఆ మాట అని చాలా కాలమైంది. నాకు బాగుంది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ కంప్యూటర్ ఆగిన పదకొండు రోజుల కథలో అసలు విషయం ఇదే. ఆమె వచ్చి నన్ను అడగడం నాకు బాగుంది. ఆదివారం చూస్తానన్నాను.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక నేల మీద పాత దుప్పటి పరిచి దాన్ని పడుకోబెట్టాను. ఆమె పక్కన కూర్చుని ఫోను లైటు పట్టింది. మూత తీయగానే నల్లటి దుమ్ము. మా వైపు ఏ కంప్యూటర్ విప్పినా అంతే, ఫ్యాను రెక్కల మీద బొగ్గు మెత్తగా కూర్చుని ఉంటుంది. బ్రష్‌తో దులిపాను. మెమరీ ముక్క తీసి రబ్బరుతో రుద్దాను. మళ్లీ పెట్టాను. బటన్ నొక్కాను. ఏమీ లేదు. వైర్లు కదిపాను, ఒక్కటి తప్ప అన్నీ. మళ్లీ నొక్కాను.

ఆమె వంగి చూసింది.

"లోపల ఆ పచ్చ లైటు వెలుగుతుంది గద. అంటే కరెంటు వస్తున్నట్టే గద? బటన్ దగ్గరనే ఏమన్న అయిందేమో."

ఎలక్ట్రీషియన్ పని ఒక్క రోజు కూడా చేయని మనిషి సరిగ్గా దాని మీదే వేలు పెట్టింది.

"అది ఉత్త లైటు. దాంతోని ఏం తెల్వది" అన్నాను. "పవర్ సప్లయ్ పోయినట్టుంది. కరీంనగర్ నుంచి తెప్పియ్యాలె."

పవర్ సప్లయ్ బాగుందో లేదో తేల్చడం నిమిషం పని. దాని వైర్ల గుత్తిలో పచ్చదాన్నీ నల్లదాన్నీ ఒక పిన్నీసుతో కలిపితే ఫ్యాను తిరుగుతుంది. ఆమె చూస్తుండగా నేను ఆ పని చేయలేదు. చేస్తే తిరిగేది.

పక్క క్వార్టరు అక్క గుమ్మంలో నిలబడి మా ఇద్దరినీ చూసి నవ్వింది.

"ఏంది తమ్మీ, బాయి మొత్తానికి కరెంటిస్తవు, ఇంట్ల గీ డబ్బాకు ఇయ్యరాదా?"

"డబ్బా కాదక్కా, పాతదైంది."

"అయితే మార్కెట్ల చూపియ్యిండ్రి. అక్కడ పొద్దుగాల ఇస్తే పగటికి ఇస్తరు."

నా భార్య నా ముఖంలోకి చూసింది. బయటివాళ్లకు ఇస్తే కాలనీలో పరువు పోతుందని, నేనే చేస్తానని అన్నాను. దుకాణంలో ఎవడు విప్పినా అర నిమిషంలో ఆ వైరు చూస్తాడు. నా భయం అది.

సోమవారం నుంచి నాకు మొదటి షిఫ్టు. సాయంత్రం ఇద్దరం ఇంట్లో ఉండేవాళ్లం. ఆమె రోజూ అడిగేది, "పార్టు వచ్చిందా?" అని. "రేపు" అనేవాణ్ని. మంగళవారమో, బుధవారమో ఆమె ఒక తెల్లకాగితాల పుస్తకం తెచ్చుకుంది.

"అందాక చేతితోని రాస్త. బాపును అడుక్కుంట రాసి పెడితే తర్వాత కొట్టుకోవచ్చు."

"రెండుసార్లెందుకు పని? రెండు రోజులల్ల అయితది."

ఆమె నా మాట నమ్మి ఆ పుస్తకం బడి సంచిలో పెట్టేసింది. వైరు తీయడం కోపంలో చేశాను. ఈ మాట మాత్రం కోపంలో అనలేదు. చేతితో రాస్తే నా అవసరం ఉండదనే అలా అన్నాను. ఈ రెండింటిలో ఏది పెద్ద తప్పని నన్నడిగితే, రెండోదే అంటాను.

మామ ఆ రోజుల్లో ఫోను చేస్తూనే ఉన్నాడు. "ఏమాయె అల్లుడా, నీ పేషెంటు లేచిందా?" అని నవ్వేవాడు. "లేస్తది మామా" అనేవాణ్ని.

రెండో ఆదివారం, చర్చి మెట్లు దిగుతుంటే ఫోను వచ్చింది. మామ బాత్రూంలో పడిపోయాడు. కుడిపక్కంతా పోయింది. మాట పోయింది. అప్పటికి ఒకటిన్నర నోట్‌బుక్కు టైపయింది. ఒకటిన్నర మిగిలింది.

దవాఖానలో ఆమెను దించి, బట్టల కోసం నేనొక్కణ్నే ఇంటికి వచ్చాను. బట్టలు సర్దకముందే కంప్యూటర్ మూత తీశాను. వైరు కట్టలో ఉంది. రెండు పిన్నుల మీద పెట్టి నొక్కాను. బటన్ నొక్కితే చిన్న కూత కూసి తెర వెలిగింది. ఆమె టైపు చేసి ఆపేసిన పేజీ పేరు దాని మీద ఉంది. ఎంతసేపు చూశానో తెలియదు. ఏడుపు రాలేదు. ఏమీ రాలేదు. బట్టలు సర్దుకుని, కంప్యూటర్ ఆపి, తాళం వేసి దవాఖానకు పోయాను.

కంప్యూటర్ బాగైందని నాలుగు రోజుల తరువాత చెప్పాను.

"ఏమైండె దానికి?"

"లోపల వైరు ఊడింది. బ్లాస్టింగుకు ఊడినట్టుంది."

మా కాలనీకి ఓపెన్‌కాస్టు, నేల మీదినుంచే పేల్చి తవ్వే గని, దగ్గర. మధ్యాహ్నం బ్లాస్టింగు వేళకు గిన్నెలు కదులుతాయి, గోడ మీద క్యాలెండరు ఊగుతుంది. ఇంట్లో ఏది పాడైనా దాని మీదికి తోసేయడం ఇక్కడ అందరికీ అలవాటే. అందుకే ఆ అబద్ధం నోట్లోకి తయారుగా వచ్చింది. ఆమె నమ్మింది. మంచం దగ్గరికి పోయి తండ్రి చెవి దగ్గర చెప్పింది.

"బాపూ, కంప్యూటర్ మంచిగైంది. బ్లాస్టింగుకు వైరు ఊడిందట. నువ్వు లేసినంక మిగిలింది కొట్టుకుందాం."

మామ ముప్పై ఏళ్లు పేల్చిన మనిషి. పేలుడుకు ఏది కదులుతుందో, ఏది కదలదో ఆయనకు తెలుసు. ఆయన నా వైపు చూశాడు. బాగున్న ఎడమచెయ్యి పైకెత్తి అటూ ఇటూ ఊపాడు, కాదన్నట్టు. ఆమె నీళ్లడుగుతున్నాడనుకుని గ్లాసు అందుకుంది. నేను మందుల చీటీ చదువుతున్నట్టు నిలబడ్డాను.

దవాఖాన నుంచి మామను మా ఇంటికే తెచ్చాం. ముందుగదిలో మంచం వేశాం. కంప్యూటర్ ఆయన కాళ్ల వైపు ఉంటుంది. నెల దాటినా మాట రాలేదు.

ఒక సాయంత్రం పక్క అక్క వచ్చింది. బ్లాస్టింగు మోత తగ్గించమని కాలనీ ఆడవాళ్లంతా కలిసి ఒక దరఖాస్తు ఇవ్వాలనుకున్నారు. టైపు నా భార్య చేయాలి. ఒక్కో ఇంటి సంగతి అక్క చెబుతుంటే ఈమె కొడుతోంది. ఒకరి గోడకు పగులు, ఒకరి నీళ్ల ట్యాంకుకు చిల్లు.

"మా ఆయనకు చెవులు వినరావు, అది గూడ రాయి" అంది అక్క.

"బ్లాస్టింగుకేనా అక్కా?"

"కాదు, నేను పిలిస్తెనే వినరావు. అయినా రాయి, ఏమన్న ఇస్తరేమో."

నా భార్య నవ్వింది. మామ పడ్డాక ఆమె నవ్వడం అదే మొదలు. నవ్వుతూనే అంది, "నాది గూడ రాసుకుంట. బాపు పడేదాక పదకొండు రోజులు మా కంప్యూటర్ ఆగింది, మా బాపు పని ఆగింది." కొట్టింది. తరువాత నా వైపు తిరిగింది.

"ఆ వైరు పేరేంది? సక్కగ రాయాలె గద, ఆఫీసర్లు అడుగుతరు."

నేను గుమ్మం దగ్గర కూర్చుని డ్యూటీ బూట్లు తుడుస్తున్నాను. పేరు చెప్పవచ్చు. చెబితే ఆ అబద్ధం ఆమె సంతకంతో ఆఫీసుకు పోతుంది. ఆమె నలుగురిలో లేచి నిలబడి దాన్ని గట్టిగా చెబుతుంది. అట్లాంటి మనిషి ఆమె.

"అది రాయకు" అన్నాను.

"ఎందుకు?"

"బ్లాస్టింగుకు ఊడలే. నేనే ఊడదీసిన."

అక్క చేతిలో టీ గ్లాసు అట్లాగే ఉంది. నా భార్య అర్థం కానట్టు చూసింది.

"ఎప్పుడు?"

"నా దరఖాస్తు రేపు కొడతా అన్నవు గద. దాని మరునాడు. కోపానికి తీసిన. మళ్ల పెట్టలే. నువ్వు రోజూ అడుగుతుంటివి, పెట్టలే."

మంచం మీద మామ కళ్లు తెరిచే ఉన్నాయి. అక్క గ్లాసు కింద పెట్టి, "నేను మళ్ల వస్తనే" అని లేచింది. నా భార్య ఆమెను చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"కూసో అక్కా. అయిపోవచ్చింది."

తెర వైపు తిరిగి, తన లైను ఒక్కో అక్షరమే చెరిపింది. మిగతా ఇళ్ల సంగతులు పూర్తి చేసింది. ప్రింటు తీసి, మడిచి, అక్క చేతికిచ్చింది. అక్క నా వైపు చూడకుండా పోయింది. అప్పుడు నా భార్య నాతో ఒక్క మాట అంది.

"లైటు వెలుగుతుందని నేను చెప్పిన గద."

అంతే. తిట్టలేదు. పుట్టింటికి పోలేదు, పుట్టిల్లే మా ముందుగదిలో ఉంది. వేళకు అన్నం పెడుతుంది. ఉప్పు అయిపోయిందనీ గ్యాసు బుక్ చేయమనీ చెబుతుంది. నేనూ తింటాను, డ్యూటీకి పోతాను, వస్తాను. లోపల ఏమీ కదలడం లేదని మొదట్లో భయపడేవాణ్ని. ఇప్పుడు ఆ భయమూ లేదు. నా దరఖాస్తు ఇప్పటికీ పెట్టలేదు.

మిగిలిన ఒకటిన్నర నోట్‌బుక్కు ఆమె మొదలుపెట్టింది. చదవగలిగింది కొడుతుంది. చదవలేని మాట దగ్గర ఆ మాట ఎంత ఉందో అంత ఖాళీ వదిలి ముందుకు పోతుంది. కొన్ని పేజీల్లో ఖాళీలే ఎక్కువ. ఆదివారాలు ఆ కాగితాలు తీసుకుని నేను మామ పక్కన కూర్చుంటాను. కూర్చోమని ఆమె అనలేదు, వద్దనీ అనలేదు. మాట ఏదై ఉంటుందో ఒక్కొక్కటే అడుగుతాను. అవునైతే ఆయన ఎడమచేత్తో మంచం పట్టె మీద ఒకసారి తడతాడు. కాకపోతే ఊరుకుంటాడు. కొన్ని ఆదివారాలు నాలుగైదు మాటలు దొరుకుతాయి. కొన్ని ఆదివారాలు ఒక్కటీ దొరకదు.

మొదటిరోజు అడగడానికి ముందు, "నీ మాటలు నేనే ఆపిన మామా" అన్నాను. ఆయన చూపు కాగితం మీదికి తిప్పాడు, మొదలుపెట్టమన్నట్టు.

పోయిన ఆదివారం ఒకే ఒక లైను దగ్గర ఆగిపోయాం. రిటైరయ్యేదాకా మొదటి షిఫ్టే చేసిన ఒక మనిషి పేజీ అది. 'బాయి దిగేముందు గేటు దగ్గర నిలబడి రోజూ' అని ఉంది. తరువాత చదవరాని మాట. తరువాత 'తినేటోడు, మాకూ పెట్టేటోడు' అని ఉంది.

"సద్దా మామా? అటుకులా? పల్లీలా?" అని అడిగాను.

చెయ్యి కదలలేదు.

"బెల్లమా? మక్కగుడాలా? రొట్టెనా?"

వంటింట్లోంచి నా భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. నాతో కాదు, తండ్రితో అంది.

"ఇప్పపువ్వా బాపూ? రేగుపండ్లా? సర్వపిండా?"

కదలలేదు. ఆయన మా ఇద్దరి నోళ్లకేసి మార్చి మార్చి చూస్తున్నాడు. గుడ్డు అన్నాను. శనగలు అంది. మురుకులు, పేలాలు, జామకాయ, ఉల్లిగడ్డ. ఆయన చూపు కిటికీలోంచి పడుతున్న ఎండ మీదికి పోయింది, నోటి ఎడమపక్క కదిలింది, ఏదో శబ్దం వచ్చింది. అది ఏ తిండి పేరులానూ లేదు. మాకు తెలిసిన తిండి పేర్లన్నీ అయిపోయాయి. ఆమె వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చుని, ఆ మాటంత ఖాళీ వదిలి, తరువాతి పేజీ తీసింది.